మా ఇంద్రావతి దాకా రాని లాకులు

భద్రకాళి ఊరి దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. ఎండాకాలం అక్కడ నిలబడితే నీళ్లకంటే రాళ్లే ఎక్కువ కనబడతాయి. ఆ రాళ్లను దాటించి పడవలు నడపాలని, నాగపూర్ వైపు పత్తిని సముద్రం దాకా దింపాలని ఒకప్పుడు దొరలు గట్టిగా పూనుకున్నారంటే మా భోపాలపట్నం కుర్రాళ్లు నవ్వుతారు. దుమ్ముగూడెం లాకులు చూసేదాకా నేనూ నవ్వినవాణ్నే.

బస్తర్‌లో ఉన్నా మా ఇంటి మాట తెలుగే. భద్రాద్రి రాముడు మాకు పొరుగు దేవుడు. ఒకసారి ఆయన కల్యాణానికి వెళ్లి, పర్ణశాల చూసుకుని, దుమ్ముగూడెంలో ఆగాను. నదికి అడ్డంగా పాత ఆనకట్ట, రాళ్ల అడ్డును తప్పించుకుని పక్కనుంచి పోయే కాలవ, దానిమీద లాకులు. లాకు అంటే రెండు జతల తలుపుల మధ్య ఒక పెద్ద రాతి తొట్టి, అంతే. కిందినుంచి వచ్చిన పడవ లోపలికి చేరగానే వెనక తలుపులు మూస్తారు. పై కాలవ నీటిని తూముల గుండా కొంచెం కొంచెంగా వదులుతారు. నీళ్లతోపాటు పడవా లేస్తుంది. మట్టం సమానమయ్యాక ముందు తలుపులు తెరిస్తే సరంగు తన దారిన తాను పోతాడు. కోనసీమవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మాలాంటి అడవివాళ్లకు వింత.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఆర్థర్ కాటన్ చూపు ఎగువకు మళ్లింది. దారిలో మూడు పెద్ద రాళ్ల అడ్డులున్నాయి. మొదటిది దుమ్ముగూడెం. రెండోది మా సంగమానికి కాస్త దిగువన ఇచ్చంపల్లి. మూడోది ఇంకా పైన, దేవలమర్రి. వాటిని దాటితే ప్రాణహిత మీదుగా వార్ధా నది, హింగన్‌ఘాట్ పత్తి చేలు. 1860లో నిజాంతో కుదిరిన ఒడంబడికతో నది ఎడమ గట్టు తాలూకాలు ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చాయి, గోదావరి మీద పడవలకు సుంకం లేకుండా పోయింది. సిరోంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. మరుసటి ఏడే అమెరికాలో యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయింది. లాంకషైర్ మిల్లులు మూతపడి కూలీలు పస్తులున్నారు. ఎక్కడో మగ్గం ఆగితే ఇక్కడ గడ్డపలుగు లేచింది.

పనులు నడిపించినవాడు హేగ్ అనే ఇంజనీరు. దుమ్ముగూడెంలో కోయవాళ్ల మధ్య క్రైస్తవ మిషన్‌కు నాంది పలికిందీ ఆయనే. రాయి లొంగింది గానీ అడవి జ్వరం లొంగలేదు. పైగా పడవ నడిచేటన్ని నీళ్లు నదిలో ఏడాదికి కొన్ని నెలలే. ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో పనులు ఆపేశారు. ఇచ్చంపల్లిలో మొదలుపెట్టింది సగంలోనే మిగిలింది. 1877 జనవరి 1న జంషెడ్జీ టాటా నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లు తెరిచాడు. పత్తి సముద్రం దాటకుండా మిల్లే పత్తి దగ్గరికొచ్చింది.

ఇందులో మాకు పోయిందేమిటని అడిగితే నేను పత్తి అనను, ఉప్పు అంటాను. ఆ రోజుల్లో బస్తర్‌కు ఉప్పు లంబాడీల ఎద్దుల మీద, కనుమలు దాటి రావాల్సిందే. పత్తితో దిగిన పడవ తిరుగు ప్రయాణంలో ఉప్పుతో వచ్చేది. ఆ లెక్క మా తరఫున ఎవరూ వేసినట్టు లేదు. మా టేకు దుంగలు మాత్రం ఏ లాకూ అక్కర్లేకుండానే వరద మీద దిగిపోయాయి.

ఇచ్చంపల్లిని మాత్రం ఎవరూ మరిచిపోలేదు. 1980ల్లో అక్కడా భోపాలపట్నంలోనూ పెద్ద డ్యాములు కడతామన్నారు. ఊళ్లూ అడవీ మునుగుతాయని జనం ఎదురు తిరిగారు. బాబా ఆమ్టే కూడా వాళ్లతో నిలబడ్డారు. ఇప్పుడు గోదావరి నీటిని కావేరికి తీసుకుపోయే మాటలోనూ మళ్లీ అదే ఇచ్చంపల్లి.

పడవల కోసం పుట్టిన ఆ ఎగువ గోదావరి జిల్లా పడవలు రాకపోయేసరికి చెదిరిపోయింది. 1874లో భద్రాచలం మద్రాసుకు పోయింది, సిరోంచ చాందాకు చేరింది, మేము బస్తర్ సంస్థానంలోనే ఉండిపోయాం. ఇప్పుడు సంగమం దగ్గర నిలబడితే మూడు రాష్ట్రాలు కనబడతాయి. మూడింట్లోనూ మా చుట్టాలున్నారు. పెళ్లికి పిలవాలంటే శుభలేఖ మీద ఒకదానికి మహారాష్ట్ర అని, ఒకదానికి తెలంగాణ అని రాసుకుంటాం.