మసి ముసుగు వేసుకునే నక్షత్రం

మే నెల మొదట్లో, చంద్రుడు లేని అర్ధరాత్రి, బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డున దక్షిణానికి తిరిగి నిలబడితే సెంటారస్ మండలం ఎదురుగా ఉంటుంది. అందులో వి854 సెన్ అనే నక్షత్రం ఉంది. మంచి రోజుల్లో బైనాక్యులర్‌కు చిక్కుతుంది. ఉన్నట్టుండి కార్బన్ మసి కక్కి దాని వెనకే దాక్కుంటుంది. అప్పుడు దాని కాంతి వెయ్యో వంతుకు కూడా పడిపోతుంది. దీపం మీద పళ్లెం బోర్లించి కాటుక పట్టినట్టే, కాకపోతే ఇక్కడ మనకు కనబడేది చీకటే.

ఆ చీకటి కోసమే ఎదురుచూసినవాళ్లు ఇద్దరు: బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థకు చెందిన ఎన్.కామేశ్వరరావు, టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ లాంబర్ట్. నక్షత్రం మసకబారితేనే చుట్టూ ఉన్న పదార్థపు మినుకు బయటపడుతుంది. 1993లో వాళ్లు ప్రకటించిన సంగతి ఇదీ: ఆ మినుకులో కొన్ని పట్టీలు ‘రెడ్ రెక్టాంగిల్’ నెబ్యులాలో కనిపించేవాటిలాగే ఉన్నాయి.

ఆ పట్టీలకు కారణమేమిటంటే, అనుమానమంతా పెద్ద కార్బన్ అణువుల మీదే. బెంజీన్ వలయాలు అతుక్కుని పెరిగిన పీఏహెచ్‌లు అలాంటివే. తెనాలి, రేపల్లె పొలాల్లో వరిగడ్డి తగలబెడితే లేచే పొగలోనూ ఇవి ఉంటాయి. అంతరిక్షంలో అతినీలలోహిత కాంతి తగలగానే కంపించి, 3.3, 6.2, 7.7, 11.3 మైక్రాన్ల దగ్గర పరారుణ కాంతిని వెదజల్లుతాయి. గెలాక్సీలకు గెలాక్సీలే ఈ కాంతితో వెలుగుతాయి. 1,200 కోట్ల ఏళ్లకు పైగా ప్రయాణించి వచ్చిన కాంతిలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు దీన్ని పట్టిందని 2023లో వెల్లడైంది. మరి ఇవి ఎక్కడ పుడతాయి?

1996లో ఐరోపా వారి ఐఎస్ఓ ఉపగ్రహం వి854 సెన్ వైపు చూసింది. కనిపించింది హైడ్రోజన్ నిండిన ముద్ద కార్బన్, అంటే ఒక ఆకారమంటూ లేని మసి. 2007లో స్పిట్జర్ టెలిస్కోపు చూసింది. రెండు వర్ణపటాలూ పక్కపక్కన పెడితే పోలికే లేదు! మసి గుర్తులు వెనక్కి తగ్గి పీఏహెచ్‌ల శిఖరాలు లేచాయి. పట్టుమని పుష్కరం కూడా కాలేదు. నక్షత్రాల లెక్కలో అది రెప్పపాటైనా కాదు.

అసలు మలుపు సీ60 దగ్గర. అరవై కార్బన్ పరమాణువుల ఈ బంతిని 1985లో ప్రయోగశాలలో కనుగొన్నారు. హైడ్రోజన్ ఉంటే అది ఏర్పడటం కష్టమని ప్రయోగాలు చెప్పాయి. అలాగైతే హైడ్రోజన్ దాదాపు లేని, వి854 సెన్ జాతి నక్షత్రాల చుట్టూ అది కుప్పలుగా ఉండాలి. కామేశ్వరరావు, లాంబర్ట్‌లతో కలిసి కానరీ దీవుల శాస్త్రవేత్త గార్సియా-హెర్నాండెజ్ దాదాపు ముప్పై నక్షత్రాల స్పిట్జర్ వర్ణపటాలు గాలించారు. లేదు. డీవై సెన్ అనే నక్షత్రంలో మాత్రం కనిపించింది, వి854 సెన్‌లో బహుశా ఉంది. తీరా చూస్తే, తక్కినవాటికంటే హైడ్రోజన్ ఎక్కువ మిగిలినవి ఈ రెండే.

వాళ్ల వ్యాసం 2011లో అచ్చయింది. ఇవి ఎలా పుడతాయన్నదానికి అందులో వాళ్లు చెప్పింది చిన్న అణువులు పోగై పెద్దవవుతాయన్న లెక్కకు తలకిందులు: హైడ్రోజన్ కలిసిన మసి ముద్దే చితికి పీఏహెచ్‌లూ, సీ60 బంతులూ రాలుతుండవచ్చు. అది ఊహేనని వ్యాసంలో వాళ్లే రాసుకున్నారు.