మగ్గాల పట్టణంలో మొలక గడ్డి

శాంతినగర్ వంటి భివండీ మరమగ్గాల పేటల్లో పచ్చిక పెంచేంత నేల దొరకడం అరుదు. అయినా విత్తనం నుంచి గడ్డిని మొలిపించే పాత విద్య ఆ పట్టణపు మరాఠీ ఇళ్లలో, ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడు జరిపే ఘటస్థాపన రూపంలో నిలిచి ఉంది. విస్తరిలో పలుచగా మట్టి పరచి, కలశం చుట్టూ గోధుమల వంటి గింజలు చల్లి, రోజూ నీళ్లు చిలకరిస్తారు. వృక్షశాస్త్రం ప్రకారం గోధుమ గడ్డి కుటుంబానికి చెందినదే. వెలుతురు చాలని మూలన పెరిగే ఈ మొలక, ఆకుకు పచ్చదనమిచ్చే పత్రహరితం సరిగా ఏర్పడక, గింజలో దాచుకున్న ఆహారంతోనే పసుపురంగులో, సన్నగా పైకి సాగుతుంది.

బొంబాయిలో 1982లో మొదలైన నూలుమిల్లుల సమ్మె తరువాత మరింత విస్తరించిన ఈ పట్టణానికి తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీలు ఇలాంటి ఆచారం ఎరుగనివారు కారు. పెళ్లిళ్లలో పాలికలనే మట్టిపాత్రల్లో నవధాన్యాలు మొలిపించడం తెలుగునాట తరతరాల సంప్రదాయం. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందురోజు విష్వక్సేనుని ఊరేగింపుతో మట్టి తెచ్చి జరిపే అంకురార్పణమూ ఆ కోవలోనిదే.

సాగు మెలకువ ఎక్కువగా కనిపించేది మాత్రం తెలంగాణ లంబాడీల తీజ్ పండుగలోనే. శ్రావణంలో పెళ్లికాని ఆడపిల్లలు పుట్టమన్నులో ఎరువు కలిపి, బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు తడి ఆరకుండా కాపాడతారు. గట్టిపడిన నేలపై పచ్చిక వేసేవారికి కావలసినవీ ఇవే: గుల్లమన్ను, పలుచని పైపొర, ఎడతెగని తడి.