ఏ, బీలు ఏమయ్యాయి?

ఇక్కడే పుట్టి పెరిగిన మా పక్కింటి తెలుగు పిల్లాడు మొన్నామధ్య అడిగాడు: "అంకుల్, కంప్యూటర్లో డ్రైవులు సీ నుంచి ఎందుకు మొదలవుతాయి? ఏ, బీలు ఏమయ్యాయి?" ఫ్లాపీ అంటే ఏమిటో చెప్పడానికే పావుగంట పట్టింది. మిగతా కథ వినే ఓపిక వాడికి లేదు. మీకుందనుకుని ఇక్కడ రాస్తున్నాను.

లోకంలో మొట్టమొదటి హార్డ్ డిస్కుకి ఈ అక్షరాల గొడవ లేదు. 1956లో ఐబీఎం వాళ్ళు కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో తయారుచేసిన రామాక్ అనే యంత్రంలో అదొక భాగం. రెండడుగుల వెడల్పున్న పళ్ళేలు యాభై, ఒకదాని మీద ఒకటి. బరువు టన్ను దాకా. అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు, అంటే ఇప్పటి లెక్కలో 3.75 మెగాబైట్లు. నాలుగు నిమిషాల ఎంపీత్రీ పాట ఒక్కటి కూడా పూర్తిగా పట్టదన్నమాట. దీనికి నెలకి 3,200 డాలర్ల అద్దె!

మన కథ 1981 ఆగస్టులో ఐబీఎం పీసీతో మొదలవుతుంది. అందులో హార్డ్ డిస్కు లేదు. ఉన్నవి ఫ్లాపీ డ్రైవులే. మొదటిది ఏ, రెండోది బీ. 1983 మార్చిలో ఎక్స్‌టీ మోడల్ వచ్చింది, 10 మెగాబైట్ల హార్డ్ డిస్కుతో. ముందు వరసలో రెండు కుర్చీలూ నిండిపోయాయి కాబట్టి కొత్తగా వచ్చినవాడు సీలో కూర్చున్నాడు. ఫ్లాపీలు పోయి ఇరవై ఏళ్ళు దాటుతున్నా ఆ రెండు కుర్చీల్లో ఇంకా ఎవరినీ కూర్చోబెట్టలేదు. పెద్దవాళ్ళ మీద గౌరవం అనుకోండి.

ఎక్స్‌టీతో పాటే డాస్ 2.0 వచ్చింది. పార్టిషన్లు మన పీసీల్లోకి వచ్చింది దానితోనే. డిస్కు మొట్టమొదటి సెక్టారులో 512 బైట్లుంటాయి. అందులో 446 బైట్లు కంప్యూటర్‌ని నిద్రలేపే ప్రోగ్రాముకి, 64 బైట్లు పార్టిషన్ల పట్టికకి, చివరి రెండు బైట్లు "ఇది నిజమైనదే" అని చెప్పే ముద్రకి. ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు. 64ని 16తో భాగిస్తే నాలుగు. అందుకే నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి కుదరదు. ఇంత చిన్న లెక్క దాదాపు ముప్ఫై ఏళ్ళు ప్రపంచాన్ని ఏలింది. మీ ఫోటోలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చెప్పే దస్తావేజు మొత్తం 64 బైట్లు. ఈ వాక్యం కూడా అందులో పట్టదు.

అప్పట్లో ఈ గోడలు కట్టింది ఫైళ్ళ భద్రత కోసం కాదు. ఒకే డిస్కు మీద రెండు మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు కాపురం చెయ్యడానికి. డాస్ ఒక గదిలో, సీపీఎం-86 ఇంకో గదిలో. ఎవరి పొయ్యి వారిది.

తర్వాత గోడలు అవసరమయ్యాయి. డాస్ సెక్టార్లని లెక్కపెట్టడానికి 16 బిట్లే వాడేది. అంటే 65,536 సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు, వెరసి 32 మెగాబైట్లు. 40 మెగాబైట్ల డిస్కు కొన్నవాడు సీలో 32, మిగిలింది డీలో పెట్టుకోవలసిందే. 1987లో డాస్ 3.3 ఇలాంటి వాళ్ళ కోసమే ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అనే ఉపాయం తెచ్చింది. నాలుగు గదుల్లో ఒకదాన్ని తీసుకుని అందులో మళ్ళీ చిన్న చిన్న గదులు కట్టుకోవడం.

ఆ హద్దు కాస్త జరిగి 2 గిగాబైట్ల దగ్గర ఆగింది. అక్కడ ఇంకో తంటా. ఫ్యాట్16 పద్ధతిలో 2 గిగాబైట్ల పార్టిషన్ చేస్తే అందులో అతి చిన్న అర 32 కిలోబైట్లు. ఒక్క అక్షరం రాసి దాచినా 32 కిలోబైట్లూ దానివే. పదివేల ఫైళ్ళుంటే, ఒక్కోదానికి సగటున సగం అర వృథా అనుకున్నా, 160 మెగాబైట్లు గాలికి పోయినట్టే. డిస్కుని ముక్కలు చేస్తే అరలు చిన్నవవుతాయి. ఆ రోజుల్లో పార్టిషన్ చెయ్యడం పొదుపు. 1996లో విండోస్ 95 రెండో విడతతో ఫ్యాట్32 వచ్చాక ఈ బాధ తగ్గింది.

బాధ తగ్గినా అలవాటు పోలేదు, ముఖ్యంగా మన దగ్గర. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్లో అసెంబుల్ చేయించిన సిస్టమ్ గుర్తుందా? కుర్రాడు మిమ్మల్ని అడగకుండానే డిస్కుని మూడు ముక్కలు చేసేవాడు. సీలో విండోస్, డీలో సాఫ్ట్‌వేర్లు, ఈలో పాటలూ సినిమాలూ. దాని వెనక తెలివి ఉంది. విండోస్ 98 ఆర్నెల్లకోసారి మొరాయించేది, వైరస్‌లు పట్టేవి. "ఫార్మాట్ కొట్టించడం" అప్పట్లో నెలసరి ఖర్చుల్లో ఒకటి. సీ ఒక్కటి తుడిచేసి మళ్ళీ ఎక్కిస్తే సరి, డీ, ఈలు పదిలం.

1999 ఏప్రిల్ 26న ఈ అలవాటు చాలామందిని నిజంగానే కాపాడింది. తైవాన్ విద్యార్థి చెన్ ఇంగ్-హౌ రాసిన సీఐహెచ్ వైరస్ (చెర్నోబిల్ వైరస్ అనేవాళ్ళం, ఆ ప్రమాదం తేదీ కూడా అదే కాబట్టి) ఆ రోజు నిద్రలేచింది. హార్డ్ డిస్కు మొదట్లో ఒక మెగాబైటు మేర సున్నాలు రాసేసింది. ఆ 64 బైట్ల పట్టిక ఉండేది సరిగ్గా అక్కడే! కంప్యూటర్ తెరిస్తే డిస్కు ఖాళీ. అందరూ అంతా పోయిందనుకున్నారు. నిజానికి దూరంగా ఉన్న డీ, ఈలలో ఫైళ్ళు ఉన్నచోటే ఉన్నాయి, పోయింది వాటి చిరునామా. గోడలు ఎక్కడున్నాయో వెతికి పట్టిక తిరగరాస్తే అవి లేచి కూర్చున్నాయి.

బహుశా అందుకే మనవాళ్ళలో ఒక నమ్మకం పాతుకుపోయింది, డీలో ఉంటే భద్రం అని. నాకు తెలిసిన ఒకాయన వాళ్ళ నాన్నగారు పద్యాలు పాడుతుండగా రికార్డు చేసుకున్నారు, దాదాపు ఆరు గంటలు. డీలో అసలు, ఈలో "బ్యాకప్" అనే ఫోల్డర్లో నకలు. శ్రద్ధగానే చేశారు. కానీ డీ, ఈ రెండూ ఒకే ఇనప్పెట్టెలో ఒకే మోటారు మీద తిరిగే పళ్ళేలు. చదివే ముల్లు పళ్ళేనికి వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో ఎగురుతుంటుంది. అది ఒకసారి పళ్ళేన్ని గీరిందంటే ఏ అక్షరం డ్రైవో చూసి గీరదు. నాన్నగారు అప్పటికి లేరు.

నకలు ఇంకో ఇంట్లో ఉండాలన్న సంగతి కంప్యూటర్లకంటే పాతది. 1973 జులై 12న అమెరికాలో సెయింట్ లూయిస్ దగ్గర సైనికుల రికార్డులు దాచిన ప్రభుత్వ భవనం తగలబడింది. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల ఫైళ్ళు కాలిపోయాయి. వాటికి నకళ్ళు లేవు, మైక్రోఫిల్ము లేదు. పింఛను కోసం, వైద్యం కోసం "నేను సైన్యంలో పనిచేశాను" అని రుజువు చేసుకోవడానికి ఆ మాజీ సైనికులు పడ్డ పాట్లు దశాబ్దాలు సాగాయి. కాగితాలు వరసల్లో, అరల్లో చక్కగా పేర్చే ఉన్నాయి. అంటే పార్టిషన్లు బ్రహ్మాండంగా ఉన్నాయన్నమాట.

దీనికి పూర్తి విరుద్ధం 1998లో పిక్సార్‌లో జరిగింది. టాయ్ స్టోరీ 2 తీస్తుండగా ఎవరో పొరపాటున ఒక డిలీట్ కమాండ్ కొట్టారు. బొమ్మలు ఒక్కొక్కటే మాయం. బ్యాకప్ ఉందిగా అని చూస్తే అది కొంతకాలంగా సరిగ్గా పనిచెయ్యడంలేదని తేలింది. గేలిన్ సస్మన్ అనే ఆవిడ బిడ్డ పుట్టాక ఇంటి నుంచి పని చెయ్యడం కోసం సినిమా కాపీ ఇంట్లో పెట్టుకున్నారు. ఆ కంప్యూటర్‌ని దుప్పట్లో చుట్టి కారులో నెమ్మదిగా ఆఫీసుకి తెచ్చారు. సినిమా బతికింది.

మన తాళపత్రాల సంగతీ ఇంతే. ఎవరో ఒకరు తిరగరాస్తేనే ఇంకో తరానికి. సీపీ బ్రౌన్ కడపలో పండితులకి జీతాలిచ్చి కూర్చోబెట్టి కాగితాల మీద శుద్ధప్రతులు రాయించకపోతే మనకేం మిగిలేదో.

పార్టిషన్ల పట్టిక కూడా చివరికి ఈ పాఠం నేర్చుకుంది. పాత పద్ధతి 2 టెరాబైట్ల దగ్గర చేతులెత్తేసింది. ఇప్పటి జీపీటీ పద్ధతిలో నాలుగు కాదు, మామూలుగా 128 పార్టిషన్లకు చోటుంటుంది. నాకు నచ్చింది ఆ సంఖ్య కాదు. పట్టిక నకలు ఒకటి డిస్కు చివర కూడా రాసిపెడుతుంది. ఆ నకలూ అదే డిస్కు మీదే అనుకోండి, అది వేరే సంగతి.

ఇంకొక్క విషయం, తెలుగువాళ్ళకి ప్రత్యేకమైనది. 90లలో యూనికోడ్ కాని ఫాంట్లతో టైపు చేసిన తెలుగు ఫైళ్ళు మీ దగ్గరుంటే ఎన్ని చోట్ల దాచినా చాలదు. ఆ ఫాంటు లేకపోతే తెరమీద కనిపించేది పిచ్చిగీతలే. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, అసలుతో పాటు పెట్టుకోండి. ఆ ఫాంటు ఫైలు కూడా అదే ఫోల్డర్లో.

నేను చేసేది చెప్తాను. ఒక కాపీ కంప్యూటర్లో, ఒకటి బీరువాలో ఉన్న డిస్కులో. మూడోది పాస్‌వర్డుతో తాళం వేసి రాజమండ్రిలో మా అన్నయ్య ఇంట్లో. ఏటా ఎవరో ఒకరు ఇండియా వెళ్తారు కదా, కొత్త డిస్కు వాళ్ళ పెట్టెలో పడేస్తాను. పాతది ఆవకాయ జాడీతో పాటు తిరిగొస్తుంది. మా వదిన దాన్ని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి పంపుతుంది, నూనె అంటకుండా.