కలపకూడని కవలలు

2009 చివర్లో ఒకరోజు, నేను రాసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద పీఎమ్‌డీతో పాటు వచ్చే సీపీడీ అనే టూల్ రన్ చేశా. సీపీడీ అంటే కాపీ పేస్ట్ డిటెక్టర్. పేరులోనే తిట్టు ఉంది చూడండి. చిత్తూరులో హెడ్డాఫీసు, వేలూరులో, కోలారులో ఒక్కో బ్రాంచి ఉన్న ఒక హార్డ్‌వేర్ డీలరు కోసం రాసిన జావా ప్రోగ్రామ్ అది. రిపోర్టులో అన్నిటికంటే పైన మూడు క్లాసులు తేలాయి: ఆంధ్రా పన్ను, తమిళనాడు పన్ను, కర్ణాటక పన్ను. పేర్లు తీసేస్తే మూడూ ఒకటే. చెక్‌స్టైల్ కూడా ఊరుకోలేదు. 12.5 అనే అంకెని కోడ్ మధ్యలో అలా రాసిపారేశానని, అది 'మ్యాజిక్ నంబర్' అని మూడుచోట్లా విడివిడిగా చీవాట్లు పెట్టింది.

నాకు సిగ్గేసింది. ఒక్క పూటలో మూడు క్లాసుల్నీ ఒకటి చేసి, 12.5కి వ్యాట్ రేట్ అని ఒక కాన్‌స్టంట్ పెట్టేశా. మళ్ళీ రన్ చేస్తే రిపోర్టులో ఆ మూడూ మాయం. ఆ రాత్రి హాయిగా నిద్రపోయా.

2010 సంక్రాంతి రోజుల్లో మన రాష్ట్రంలో 12.5 శాతం వ్యాట్ 14.5 అయింది. కాన్‌స్టంట్ ఒక్కటే కదా, ఒక్క లైను మార్చి మూడు బ్రాంచిలకీ కొత్త వెర్షన్ పంపేశా. ఎంత తేలికో అని మురిసిపోయా కూడా. రెండు వారాల తర్వాత డీలరు దగ్గర లెక్కలు చూసే పెద్దాయన ఫోన్ చేశాడు. "ఏం నాయనా, ఈడ పన్ను పెంచితే వేలూరోళ్ళు యాల కట్టాల?" అన్నాడు. వేలూరు, కోలారు బిల్లులన్నీ రెండు శాతం ఎక్కువ పన్నుతో వెళ్ళిపోయాయి. వాటిని వెతికి, కస్టమర్లకి సర్దుబాటు చేసి, రిటర్నులు సరిచేసేసరికి నా సంక్రాంతి పిండివంటలు అరిగిపోయాయి.

ఇంతకీ తప్పు టూల్‌దా, నాదా? ఈ ప్రశ్నతోనే ఈ టూల్స్ ఎక్కడినుంచి వచ్చాయో చదవడం మొదలుపెట్టా.

మొదట లింట్. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ రాసింది, దాని గురించిన రిపోర్టు 1978 నాటిది. లింట్ అంటే బట్టలకి అంటుకునే నూగు. కంపైలర్ చూసీ చూడనట్టు వదిలేసే అనుమానాస్పదమైన సి కోడ్‌ని ఇది ఏరి చూపించేది. డూప్లికేట్ల సంగతి తర్వాత వచ్చింది. అదే బెల్ ల్యాబ్స్‌లో బ్రెండా బేకర్ 1992లో డప్ అనే ప్రోగ్రామ్ గురించి రాసింది. ఆవిడ చేసిన తెలివైన పని ఏమిటంటే, వేరియబుల్ పేర్లు ఒక పద్ధతిలో మార్చేసినా సరే, రెండు ముక్కలూ ఒకటేనని పట్టుకోవడం. కాపీ కొట్టి పేర్లు మార్చేవాళ్ళకి (అంటే మనందరికీ) అక్కడితో కష్టకాలం మొదలైంది. 1999లో హంట్, థామస్ 'ద ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్'లో ఒక విషయాన్ని రెండుచోట్ల చెప్పొద్దు అనే సూత్రం పెట్టారు. అదే ఏడు ఫౌలర్ 'రీఫ్యాక్టరింగ్'లో కోడ్ కంపుల జాబితా డూప్లికేట్ కోడ్‌తోనే మొదలుపెట్టాడు. 2001లో ఆలివర్ బర్న్ చెక్‌స్టైల్, 2002లో ఒసాకా యూనివర్సిటీ వాళ్ళ సీసీఫైండర్ పేపరు, ఆ రోజుల్లోనే పీఎమ్‌డీ. సీపీడీ కోడ్‌ని టోకెన్లుగా ముక్కలు చేసి, కార్ప్-రాబిన్ హ్యాషింగ్‌తో ఒకేలా ఉన్న వరసల్ని వెతుకుతుంది. దానికి కనపడేది టోకెన్లే. ఎందుకు ఒకేలా ఉన్నాయన్నది దాని పని కాదు.

ఆ 'ఎందుకు' మా జిల్లా చరిత్రలో ఉంది.

చిత్తూరు, వేలూరు 1953 దాకా ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అమ్మకం పన్ను కూడా ఒకటే, 1939 మద్రాసు జనరల్ సేల్స్ టాక్స్ చట్టం. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు ఎవరూ కూర్చుని కొత్త చట్టం రాయలేదు. ఉన్న చట్టమే రెండు పక్కలా కొనసాగింది. మన భాషలో ఫోర్క్ అన్నమాట. 1956లో తెలంగాణ కలిసింది. వాళ్ళది 1950 నాటి హైదరాబాదు చట్టం. ఆ రెంటినీ తీసేసి 1957లో ఏపీ జనరల్ సేల్స్ టాక్స్ చట్టం తెచ్చారు. అది మెర్జ్. అటు మద్రాసు వాళ్ళు 1959లో తమది మళ్ళీ రాసుకున్నారు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు సర్దుబాటులో మా జిల్లాలోని తిరుత్తణి మద్రాసుకి పోయింది, సత్యవేడు పక్క ఊళ్ళు మనకొచ్చాయి. తిరుత్తణి కొండ ఉన్నచోటే ఉంది, కింద అంగళ్ళ వాళ్ళు మాత్రం వేరే చట్టం కిందికి పోయారు. (కోలారు కథ వేరు, అది మైసూరు సంస్థానం.)

మరి 2009లో మూడింటికీ 12.5 ఎలా వచ్చింది? రాష్ట్రాల ఆర్థిక మంత్రుల కమిటీ 2005 జనవరిలో వ్యాట్ మీద శ్వేతపత్రం విడుదల చేసింది. ముఖ్యమైన రేట్లు 4, 12.5 అని అందులో ఒప్పుకున్నారు. ఆంధ్ర, కర్ణాటక 2005 ఏప్రిల్‌లో, తమిళనాడు 2007 జనవరిలో వ్యాట్‌లోకి వచ్చాయి. అంటే నా మూడు క్లాసులు ఒకేలా ఉన్నది ఒక ఒప్పందం వల్ల, మూడు ప్రభుత్వాలూ దానికి కట్టుబడి ఉన్నంత కాలం మాత్రమే. మనవాళ్ళు 2010 జనవరిలో కదిలారు. కర్ణాటక అదే ఏప్రిల్‌లో 13.5 చేసింది. తమిళనాడు 2011 జులైలో 14.5కి వెళ్ళింది. తమాషా ఏంటంటే, 2012లో కర్ణాటక కూడా 14.5కి రావడంతో మూడూ మళ్ళీ ఒకటైపోయాయి! అప్పటికి నా క్లాసులు మళ్ళీ మూడుగా విడిపోయి ఉన్నాయి. సీపీడీ మళ్ళీ పాత పాటే పాడింది. ఈసారి నేను వినలేదు. పైన ఒక కామెంట్ పెట్టా: "ఇవి మూడు ప్రభుత్వాలవి. కలపొద్దు."

నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని తర్వాత తెలిసింది. వాటర్లూ యూనివర్సిటీలో క్యాప్సర్, గాడ్‌ఫ్రే 2006లోనే, క్లోనింగ్ అంతా చెడ్డదనే మాటే చెడ్డదని ఒక పేపరు రాశారు. వేరువేరు దారుల్లో పోబోయే కోడ్‌ని ముందే విడదీసి ఉంచడం మంచి డిజైనే కావచ్చని వాళ్ళ వాదన. నేను అది ముందే చదివి ఉంటే వేలూరు బిల్లులు బాగుండేవి.

అలాగని టూల్‌ని తిట్టి ఊరుకుంటే అన్యాయం. అదే రిపోర్టులో కింద, పైసల్ని రూపాయికి రౌండ్ చేసే ఎనిమిది లైన్ల ముక్క నాలుగు చోట్ల ఉందని చూపించింది. చిన్నది కదా అని పట్టించుకోలేదు. అందులో ఒక బగ్‌ని మూడు చోట్ల సరిచేసి నాలుగోది మర్చిపోయా. నెలాఖరు మొత్తం ఎప్పుడూ రూపాయో రెండో తేడా వచ్చేది అందుకే. 2009లో మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్ళ పేపరు సరిగ్గా దీని గురించే: ఒక కాపీని మార్చి ఇంకోదాన్ని మర్చిపోయిన చోట్ల నిజంగానే తప్పులు దొరికాయని. పెద్ద డూప్లికేట్‌ని కలిపి నష్టపోయా, చిన్నదాన్ని వదిలేసి నష్టపోయా.

2014 జూన్‌లో రాష్ట్రం మళ్ళీ విడిపోయింది. తెలంగాణ 2005 నాటి ఏపీ వ్యాట్ చట్టాన్నే పేరు మార్చి తనదిగా తీసుకుంది. క్లోన్ల మీద రాసేవాళ్ళు దీన్ని టైప్-2 అంటారు, ఐడెంటిఫయర్లు తప్ప అంతా ఒకటే. బేకరమ్మ డప్‌కి ఇస్తే ఇట్టే పట్టేసేది. ఏడాది తిరక్కుండానే పెట్రోలు మీద పన్ను ఇద్దరిదీ వేరైపోయింది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ మూడు క్లాసుల్నీ నేనే తీసేశా. రాష్ట్రాలన్నీ విడివిడిగా చట్టాలు చేసుకున్నా, రేట్లు నిర్ణయించేచోటు కౌన్సిల్ ఒక్కటే కాబట్టి ఈసారి ఒక్క ఫంక్షన్ చాలు. దానికి స్టేట్ కోడ్ ఇస్తాం: మనకి 37, తమిళనాడుకి 33, కర్ణాటకకి 29. పెట్రోలు, డీజిలు మాత్రం జీఎస్టీలోకి రాలేదు. నగరి దగ్గర ఒక పెట్రోలు బంకు వాళ్ళకి రాసిన ప్రోగ్రామ్‌లో ఆంధ్రాకి ఒకటి, తమిళనాడుకి ఒకటి క్లాసులు ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి, పైన అదే కామెంట్‌తో.