మోసగాళ్ళకు మోసగాడు: కౌబాయ్ కథకు తెలుగు నుడికారం

1971లో విడుదలైన ‘మోసగాళ్ళకు మోసగాడు’ తెలుగులో తొలి కౌబాయ్ చిత్రంగా ప్రసిద్ధి పొందింది. గుంటూరు సీమలో తెనాలి సమీపాన గల బుర్రిపాలెంలో జన్మించిన కృష్ణ ఇందులో కథానాయకుడు. నిర్మాణం ఆయన కుటుంబానికి చెందిన పద్మాలయా సంస్థది, దర్శకత్వం కె.ఎస్.ఆర్. దాస్‌ది, రచన ఆరుద్రది. ఈ చిత్రాన్ని పాశ్చాత్య చిత్రాలకు అనుకరణగా తేల్చివేయడం పరిపాటి. ఆ నిర్ణయం ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఇతివృత్తపు ఋణం కాదనలేనిది. సెర్జియో లియోనీ 1966 నాటి ఇటలీ చిత్రంలో పాతిపెట్టిన ధనం ఏ శ్మశానంలో ఉందో ఒకడికి, ఏ సమాధిలో ఉందో మరొకడికి తెలుసు. పరస్పరం నమ్మని ఇద్దరిని ఆ సగం సగం రహస్యాలే కలిపి ఉంచుతాయి. తెలుగు చిత్రంలోనూ నిధి కోసం కృష్ణ, నాగభూషణం పాత్రలు ఒకప్పుడు చేతులు కలుపుతాయి, మరొకప్పుడు తలపడతాయి. రేగడి పొలాల సీమలో దొరకని ఎడారిని రాజస్థాన్‌లో వెదుక్కున్నారు. గుర్రం, టోపీ, తుపాకి సైతం అరువువే.

అరువు కానిది భాష. లియోనీ చిత్ర నామం మనుషులను మంచివాడు, చెడ్డవాడు, వికారి అని విభజిస్తుంది. తెలుగు నామం ఆ విభజనను విడిచి, కథానాయకుణ్ణే మోసగాడంటుంది. ‘తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు’ అనే సామెతలోని తర్కమే ఇక్కడి షష్ఠీ ప్రయోగంలోనూ ఉంది. నాగభూషణం పాత్ర పేరు నక్కజిత్తుల నాగన్న. వికారానికి బదులు జిత్తులు ప్రధానం కావడంతో ఆ పాత్ర నీతికథల నక్కకు చేరువైంది. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ మిత్రభేదంలోని కరటక దమనకులూ నక్కలే. ఈ జంట ప్రయాణం మిత్రలాభ మిత్రభేదాల నిరంతర పునరావృత్తి. ఇది సామ్యమే గాని మూలనిరూపణ కాదు. అయితే ప్రేక్షకుడికి ఆ నక్క ముందే పరిచితం. ‘రక్తకన్నీరు’ నాటకంతో వ్యంగ్య సంభాషణకు పేరుపొందిన నాగభూషణం ఆ పరిచయాన్ని హాస్యంగా మలిచారు.

కాబట్టి దీనిని కేవలానుకరణ అనడం కంటె అనుసృజన అనడం యుక్తం. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ కర్తగా ఆరుద్రను అధ్యయనం చేసే మనం, ఆయన సినీరచనను సాహిత్య చరిత్ర వెలుపల ఉంచడం ఎంతవరకు న్యాయమో పునరాలోచించవలసి ఉంది.