తెల్లని బియ్యం – తెలియని నష్టం

ఇంటికి కొనే ఆహార పదార్థాల విషయంలో జాగ్రత్త అనగానే మనకు మొదట స్ఫురించేది కల్తీ. బియ్యంలో రాళ్ళు, పాలలో నీళ్ళు, కారంలో రంగు – ఇవే మన భయాలు. ఈ భయం నేటిది కాదు. ధాన్యం, నూనె, ఉప్పు వంటి సరుకులలో నాసిరకం కలిపి అమ్మే వర్తకునికి జరిమానా విధించాలని కౌటిల్యుని అర్థశాస్త్రం నిర్దేశించింది. స్వాతంత్ర్యానంతరం 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టం వచ్చింది. తరువాత 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం రూపొందింది. అర్థశాస్త్రం నుండి నేటి వరకు ఈ శాసనాల దృష్టి ప్రధానంగా అమ్మేవాని మోసం మీదనే నిలిచింది. కాని ఏ మోసమూ లేకుండా, కొనేవాని ఇష్టం మేరకే జరిగిన నష్టం ఒకటి మన చరిత్రలో ఉన్నది. అది బియ్యానికి సంబంధించినది. తెలుగువారికి మరీ దగ్గరిది.

వడ్లగింజ పైపొట్టు ఊక. అది తొలగిన తరువాత గింజను అంటిపెట్టుకొని ఉండే పలుచని పొర తవుడు. గింజ కొనన అంకురం ఉంటుంది. మన శరీరానికి అత్యవసరమైన థయామిన్, అంటే బి-1 విటమిన్, అధిక భాగం ఈ తవుటి పొరలోను, అంకురంలోను ఉంటుంది. రోట్లో పోసి రోకలితో దంపినప్పుడు ఊక పోయినా తవుడు కొంత గింజకే మిగిలేది. చూపునకు ఆ బియ్యం కొంత ఎర్రగా, మసకగా ఉండేది.

గోదావరిపై ఆనకట్ట 1852లో, కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తయిన పిమ్మట డెల్టా ప్రాంతాలలో వరి సాగు విస్తరించింది. ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకాలలో బియ్యపు మిల్లులు వ్యాపించాయి. మిల్లు స్త్రీలకు గొప్ప ఊరట కలిగించిన మాట కాదనరానిది. రోకటి పాట వినసొంపుగా ఉండవచ్చు గాని, తెల్లవారుజామున లేచి కుటుంబానికి సరిపడా వడ్లు దంచడం నడుము విరిగే పని. అదే సమయంలో ఇతరుల ఇళ్ళలో దంపుడు కూలితో బతికిన పేద స్త్రీల జీవనాధారాన్ని మిల్లు హరించింది. ఈ రెండూ నిజాలే. ఇక మూడవ పరిణామం కంటికి కనిపించనిది. మిల్లు బియ్యాన్ని ఎంతగా తెలుపు చేయగలిగితే అంతగా అది గౌరవ చిహ్నమైంది. మసక బియ్యం పేదరికానికి, మల్లెపూవు వంటి అన్నం మర్యాదకు గుర్తులయ్యాయి.

ఈ తెలుపు వెనుక ఉన్న కీడును మొదట గుర్తించినది నాటి డచ్చి వలస రాజ్యమైన జావాలో. బటేవియా నగరంలో క్రిస్టియాన్ ఐక్మన్ అనే వైద్యుడు 1890ల దశకంలో, పాలిష్ బియ్యం తిన్న కోళ్ళకు బెరిబెరిని పోలిన నరాల వ్యాధి సోకడం, ముడి బియ్యం తినిపిస్తే అవి కోలుకోవడం గమనించాడు. తెల్లబియ్యంలో ఏదో విషం ఉన్నదని ఆయన తొలుత భావించాడు. ఆయన తరువాత పరిశోధన కొనసాగించిన గెరిట్ గ్రీన్స్ 1901లో, ఉన్న విషం వల్ల కాదు, లేని పదార్థం వల్ల ఈ వ్యాధి కలుగుతున్నదని ప్రతిపాదించాడు. ఆహారంలో లోపించినది కూడ రోగ కారణం కాగలదన్న ఆలోచన వైద్యశాస్త్రానికే కొత్త మలుపు.

మన దేశంలో ఈ పరిశోధన నీలగిరులలోని కూనూరులో 1918లో, రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో, బెరిబెరి విచారణ విభాగంగా ఆరంభమయింది. ఆ చిన్న ప్రయోగశాలే క్రమంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. కూనూరు శాస్త్రజ్ఞులు మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి ఎక్కడ ఉన్నదని పరిశీలించగా, ఉత్తర సర్కారులని వ్యవహరింపబడిన తెలుగు తీర జిల్లాలు ప్రధానంగా కనిపించాయి. కాళ్ళ తిమ్మిరి, వాపు, గుండె బలహీనత ఆ వ్యాధి లక్షణాలు. తల్లికి ఈ విటమిన్ కొరవడితే ఆమె పాలలోనూ కొరవడుతుంది. పాలు తాగే పసికందు ప్రాణానికే ముప్పు. పొరుగున ఉన్న తమిళ జిల్లాలలో సైతం ప్రధానాహారం బియ్యమే, అక్కడా మిల్లులున్నాయి. కాని అక్కడ ఈ వ్యాధి అరుదు. కారణం ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి మరపట్టినప్పుడు విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. ఆపై పాలిష్ పట్టినా చాలా వరకు నిలుస్తుంది. తెలుగు తీరవాసులకు పచ్చి బియ్యమే రుచి. పైగా పలుమార్లు కడిగి, గంజి వార్చి పారబోసే అలవాటు మిగిలిన కొద్ది సారాన్నీ హరించేది. గంజి తాగే ఇంట కొంత దక్కేది. పారబోసే ఇంట అదీ లేదు.

జాతీయోద్యమం ఈ విషయాన్ని గ్రహించింది. గాంధీజీ ప్రేరణతో 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం, జె.సి. కుమారప్ప నిర్వహణలో, దంపుడు బియ్యాన్ని ఆరోగ్యంగాను, గ్రామీణుల ఉపాధిగాను ప్రచారం చేసింది. స్వతంత్ర భారతంలో మిల్లులను నియంత్రిస్తూ 1958లో బియ్యపు మిల్లు పరిశ్రమ చట్టం వచ్చింది, 1997లో రద్దయింది. ప్రజల అభిరుచి మారనంత కాలం శాసనానికి ఉండే శక్తి పరిమితమే.

అటుపిమ్మట తెల్లబియ్యం మెట్టప్రాంతాలకూ విస్తరించింది. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రవేశపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం నిరుపేద కడుపు నింపింది. ఆ మేలును తక్కువ చేయరాదు. అయితే జొన్న సంకటి, రాగి ముద్ద, కొర్రన్నం తిన్న రాయలసీమ, తెలంగాణ పల్లెలలో చిరుధాన్యాలు వెనుకబడడానికి చౌకబియ్యం కూడ ఒక కారణమయింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించే నాటికి, ఒకనాటి పేదల తిండి నగరాలలో అధిక ధర పలికే సరుకయింది. ముడి బియ్యం సంగతీ అంతే. తవుడు తీసిన బియ్యం ఒక ధరకు, ఆ తవుటి నూనె వేరొక ధరకు, తవుడు తీయని బియ్యం అంతకన్న ఎక్కువ ధరకు నేడు ఒకే అంగడిలో లభిస్తున్నాయి. ప్రభుత్వ పథకాల ద్వారా పంచే బియ్యానికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి-12 చేర్చి బలవర్ధకం చేస్తామని 2021లో కేంద్రం ప్రకటించింది.

బెరిబెరి నేడు తీర జిల్లాలలో నాటి స్థాయిలో లేదు. కాని అది నేర్పిన పాఠం పాతబడలేదు. సరుకు కొనేటప్పుడు ఇందులో ఏమి కలిపారని అడగడం మనకు అలవాటే. ఇందులో నుండి ఏమి తీశారు, ఎవరి ఇష్టం కోసం తీశారు అన్నది కూడ అడగవలసిన ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి తనిఖీ అధికారి, ప్రయోగశాల, న్యాయస్థానం ఉన్నాయి. రెండవ ప్రశ్నను అంగడి ముందు నిలిచిన గృహస్థు తనకు తానే వేసుకోవాలి. సంచిలో ఏ బియ్యం పోయించుకోవాలన్న ఆ చిన్న నిర్ణయం మీద, ఒకనాడు తెలుగు తీరంలో, పసిబిడ్డల ప్రాణాలు ఆధారపడి ఉండేవి.