మందులు ఆగాక మిగిలే మచ్చ
ఆరు నెలల టీబీ కోర్సు పూర్తయి, కఫంలో క్రిములు లేవని తేలినా ఎక్స్‌రే శుభ్రంగా రావాలని లేదు. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగం కోసం ఫిల్మ్ తీయించుకుంటే ‘కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఫైబ్రోసిస్, పాత టీబీ ఛాయలు’ అని రిపోర్టు చేతికొస్తుంది. చదవగానే గుండె గుభేలుమంటుంది. ఆ మాటను సరిగ్గా అర్థం చేసుకోవడానికి వైద్యులకే చాలా కాలం పట్టింది.

1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం తెరిచేనాటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, తిండి, విశ్రాంతి, అంతే. ఆ కాలపు శానిటోరియాల్లో కొందరికి పక్కటెముకల మధ్య సూది గుచ్చి గాలి ఎక్కించి, జబ్బుపడ్డ ఊపిరితిత్తిని ముడిచిపెట్టేవారు. లోపల జబ్బు తొలిచిన గుల్ల మూసుకుందో లేదో చెప్పేది ఎక్స్‌రేనే. అందుకే దాని మాటే తీర్పుగా చెల్లింది.

1940ల్లో అమెరికాలో ఆ నమ్మకానికి బీటలు పడ్డాయి. ఒకే ఫిల్మును ఇద్దరు నిపుణులు రెండు రకాలుగా చదివారు. ఒక్కరే మళ్లీ చూసినా మాట మారింది. ఈలోగా స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని 1959లో చూపింది. నయమైందని చెప్పే హక్కు క్రమంగా కఫం పరీక్షకు దక్కింది. న్యాయమైన మార్పు అది. ఫిల్ములో కనిపించేది ఊపిరితిత్తి ఆకారం. క్రిమి బతికుందో చచ్చిందో అందులో కనిపించదు. పుండు మానినచోట గట్టిపడిన కణజాలం, పేరుకున్న సున్నం జీవితాంతం తెల్లగా పడుతూనే ఉంటాయి.

అయినా ఫిల్ములో మచ్చ కనిపిస్తే అనుమానం తప్పదు. అమెరికా గ్రీన్‌కార్డు వీసాకు వెళ్లేవారి ఫిల్ములో టీబీని తలపించే మచ్చ కనిపిస్తే, వరుసగా మూడు రోజులు కఫం ఇచ్చి, కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష) కోసం దాదాపు రెండు నెలలు ఆగాలి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన, ఎక్స్‌రేలను చదివే కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా పాత మచ్చల దగ్గర తరచూ తడబడుతుంది.

ఇక్కడ అక్కరకొచ్చేది కోర్సు ముగిసిననాటి ఫిల్మే. దాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మచ్చ అలాగే ఉందా, పెరిగిందా తెలుస్తుంది. పెరిగినా, దగ్గులో రక్తం పడినా, బరువు తగ్గినా మళ్లీ కఫం పరీక్ష తప్పదు. అప్పుడూ కల్చర్ కావాలి: ఈమధ్యే మందులు మానినవారిలో చచ్చిన క్రిముల జన్యుపదార్థాన్ని పట్టుకుని సీబీనాట్ అనే జన్యు పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు.